బెంగళూరు చుట్టుపక్కల ఆరుబయట ఎయిర్ రైఫిల్ సాధన: తోటలో చేసుకోవచ్చా, షూటింగ్ రేంజ్‌కే వెళ్ళాలా?

మారతహళ్ళి గురి:
నాది 0.177 అంగుళాల పిసిపి (సిలిండర్‌లో ముందే నింపిన గాలితో పేలే) ఎయిర్ రైఫిల్, లైసెన్సు అక్కర్లేని రకం. క్లబ్బులో వారానికి గంట లేన్ దొరకడమే కష్టంగా ఉంది. రెండు చోట్లు చూసి పెట్టాను: శ్రీనివాసపుర దగ్గర బంధువుల మామిడి తోట, రామనగర వైపు మూతబడ్డ రాళ్ళ క్వారీ. చట్టప్రకారం ఏది సరైంది? ఏది క్షేమం?

పది పాయింట్ తొమ్మిది:
క్వారీ మాట వదిలేయండి. నల్లరాతికి తగిలిన సీసం పెల్లెట్ చితికి ముక్కలై ఎటు తిరుగుతుందో చెప్పలేం, కొన్ని నేరుగా వెనక్కే వస్తాయి. స్టీల్ బీబీలైతే (గుండ్రటి చిన్న గుళ్ళు) మరీ ప్రమాదం. మూతబడ్డ క్వారీ అంటే దిక్కులేని స్థలం కాదు, దానికీ సొంతదారో లీజుదారో ఉంటారు. మేకలు కాసేవాళ్ళు అంచుల మీదే తిరుగుతుంటారు. పైగా రామనగరలో 2012 నుంచి రామదేవర బెట్ట రాబందుల అభయారణ్యం ఉంది. 1972 వన్యప్రాణి చట్టం 31వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్ళడమే నేరం, పేల్చనక్కర్లేదు. బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానం వైపూ ఇదే సంగతి.

"లైసెన్సు అక్కర్లేదు" అన్నది కూడా సరిగ్గా అర్థం చేసుకోవాలి. 1959 ఆయుధ చట్టంలో తుపాకీ నిర్వచనం మందుగుండుకే పరిమితం కాదు, ఏ శక్తితో గుండు వదిలినా తుపాకీయే. 2016 నియమాలు గొట్టం వ్యాసం 4.5 మి.మీ. (0.177 అంగుళం), పెల్లెట్ శక్తి 20 జౌళ్ళు దాటని వాటికి లైసెన్సు మినహాయించాయి, అంతవరకే. స్ప్రింగ్ మార్చి, రెగ్యులేటర్ పెంచి 20 దాటిస్తే ఆ మినహాయింపు పోతుంది. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు 275 మీటర్లు దాటిందంటే గీత దాటినట్టే. క్రోనోగ్రాఫ్‌తో ఒకసారి పెల్లెట్ వేగం కొలిపించండి. నా ఓటు రేంజ్‌కే.

కోలారు మామిడి:
క్వారీ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. తోట విషయంలో కాదు. సొంత భూమి, యజమాని ఒప్పుదల, టార్గెట్ వెనక పెల్లెట్‌ను ఆపే సరైన మట్టి గట్టు ఉంటే తోట మంచి చోటే. గట్టు ఇలా వేసుకోవచ్చు: రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు, జల్లెడ పట్టిన మట్టి, ఒక్క గులకరాయి ఉండకూడదు. దాని ముందు పెల్లెట్ పెట్టె. 3 మి.మీ. ఇనుప రేకును 45 డిగ్రీల్లో, పై అంచు మనవైపు వాలేలా బిగిస్తే పెల్లెట్ కిందికి మళ్ళి అడుగునున్న ఇసుకలో పడుతుంది. చెట్టు మానును మాత్రం ఎప్పుడూ అడ్డుగా వాడొద్దు. గుండ్రంగా ఉంటుంది కాబట్టి అంచుకు తగిలింది పక్కకి జారిపోతుంది.

టార్గెట్‌ను 10 మీటర్ల దూరంలో, అర మీటరు ఎత్తులో పెట్టండి. నిలబడి 1.4 మీటర్ల నుంచి కాలిస్తే గుండు కిందికే పోతుంది. గురి తప్పినా 15, 16 మీటర్ల దగ్గర నేలలో దిగుతుంది.

పది పాయింట్ తొమ్మిది:
ఆ లెక్క సరైనదే, కానీ సగమే చెప్పారు. 10 మీటర్లకు 0.9 మీటరు దిగడం అంటే కోణం దాదాపు 5 డిగ్రీలు. అంత తక్కువ కోణంలో ఎండిన ఎర్రమట్టి మీద పెల్లెట్ దిగదు, చెరువులో విసిరిన పెంకులా ఎగిరిపోతుంది. కాబట్టి గట్టు పెట్టెను ఆనుకునే ఉండాలి, కనీసం దాని ముందు నేలను దున్ని మెత్తగా చేయాలి.

పోటీలకు తయారయ్యేవాళ్ళకు ఇంకో నష్టం. పోటీలో టార్గెట్ కేంద్రం 1.4 మీటర్ల ఎత్తున ఉంటుంది, రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. అర మీటరు ఎత్తుకు అలవాటుపడిన నడుము అసలు లేన్‌లో మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

కోలారు మామిడి:
ఒప్పుకుంటున్నాను. పోటీ సాధనకైతే టార్గెట్ 1.4లోనే పెట్టి, గట్టు మూడు మీటర్లకు పెంచాలి. ఖర్చు ఎక్కువే, అసాధ్యం కాదు.

ఇసుక బస్తా:
అందరూ గట్టు కట్టేదాకే ఆలోచిస్తారు, అది పాడయ్యేది తర్వాత. ఒకే చోట వందల పెల్లెట్లు దిగితే ఇసుకలో గుంట పడి, అడుగున సీసం ముద్దకడుతుంది. ఆ తర్వాతి పెల్లెట్ ఇసుకకు కాదు, సీసానికి తగిలి తిరిగొస్తుంది. 500 షాట్లకోసారి తవ్వి జల్లించండి. ఇసుక నింపడానికి వాడే ప్లాస్టిక్ సిమెంటు సంచులు ఎండకు పొడి పొడిగా రాలిపోతాయి, గోనెసంచులు నయం. సీసాన్ని తోటమట్టిలో వదలొద్దు, డబ్బాలో పోగు చేయండి. సబ్బుతో చేతులు కడిగాకే తిండి ముట్టుకోండి. సిలిండర్‌ను ఎండలో కారులో వదలకండి, ఆక్సిజన్‌తో అస్సలు నింపకండి, పేలుతుంది.

మారతహళ్ళి గురి:
గట్టు సరిగ్గా ఉంటే ఇక అభ్యంతరం ఏముంటుంది?

పది పాయింట్ తొమ్మిది:
గట్టు దాటిపోయే ఒక్క షాట్. పైకెత్తిన గొట్టంలోంచి వెళ్ళిన పెల్లెట్ 350 మీటర్ల దాకా పోగలదు. మామిడి కోతల కాలంలో తోటలో కూలీలు ఉంటారు, కొమ్మల వెనక మనిషి కనిపించడు. ఎవరికీ తగలకపోయినా, ఇతరుల ప్రాణానికి ముప్పయ్యేంత నిర్లక్ష్యం అంటే బిఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 125వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు. తోటలోకి వచ్చిన నెమలి మీద పేల్చితే వేట కేసు, గురి తప్పినా సరే. చట్టంలో ప్రయత్నం కూడా వేటే.

కోలారు మామిడి:
దానికి నియమం పెట్టుకుందాం. గొట్టం గట్టువైపు ఉన్నప్పుడే పెల్లెట్ పెట్టడం, మిగతా సమయమంతా గొట్టంలో నారింజ రంగు సేఫ్టీ దారం. దారిలో ఎర్రజెండా, కాపలాకు ఒక మనిషి, కోతల నెలల్లో పూర్తిగా బంద్. ఊళ్ళో పెద్దలకు, పోలీసు స్టేషన్‌కు ముందుగా తెలియజేయాలి. బిల్లు, గుర్తింపు కార్డు కాపీ రైఫిల్ సంచిలోనే ఉండాలి. పాలికార్బొనేట్ కళ్ళద్దాలు చూసేవాళ్ళకూ తప్పనిసరి.

పది పాయింట్ తొమ్మిది:
ఇవన్నీ ప్రతిసారీ పాటించేవాళ్ళతో నాకు పేచీ లేదు. మూడోవారం కాపలా మనిషి రాకపోయినా మొదలుపెట్టేస్తారు, నా భయం అదే. .22 బుల్లెట్ విషయంలో మాత్రం చర్చే లేదు. అది కిలోమీటరుకు పైగా పోతుంది, దానికి లైసెన్సున్న రేంజ్ తప్ప మరో దారి లేదు.

మారతహళ్ళి గారూ, తోట కొలతలు పెట్టండి. గట్టు ఏ దిక్కున వేస్తారు, దాని వెనక 400 మీటర్లలో ఇల్లు, బావి, బాట ఏమున్నాయి? ఉదయం ఎండ కళ్ళలో పడకుండా ఉత్తరం వైపు అయితే మంచిది, ముందు అటు ఏముందో చెప్పండి.