బోరు నీళ్లలో అక్వేరియం మొక్కలు: ఆకులు కుళ్లిపోతున్నాయి, పీకేయాలా?

ప్రశ్న, బేతంచెర్ల నుంచి:

నమస్కారమండీ. మా ఇంట్లో రెండడుగుల తొట్టి ఉంది. గప్పీలు, నల్ల మోలీలు అందులో హాయిగా ఉన్నాయి, పిల్లలు కూడా పెడుతున్నాయి. ఈమధ్యే ప్లాస్టిక్ మొక్కలు తీసేసి అసలు మొక్కలు తెచ్చాను. ఒక అమెజాన్ స్వోర్డ్, రెండు కుదుళ్ల క్రిప్టోకొరైన్, ఒక అనూబియాస్, పొడుగాటి గడ్డి లాంటి వల్లిస్నేరియా కొంచెం. కొద్ది రోజులకే క్రిప్టోకొరైన్ ఆకులు పలచబడి, ముట్టుకుంటే జావై చేతికి వస్తున్నాయి. స్వోర్డ్ కింది ఆకులు పసుపుబారి చిల్లులు పడుతున్నాయి.

మాది నాపరాళ్ల నేల. బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా గార కడుతుంది. మొక్కలు అమ్మినవాళ్లు "ఈ నీళ్లలో ఏ మొక్కా బతకదు, ఆర్‌ఓ నీళ్లు పోయండి" అంటున్నారు. ఇంకొకరు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టమన్నారు. చేపలకు లేని ఇబ్బంది మొక్కలకు ఎందుకు? సాయంత్రమైతే మా పిల్లలిద్దరూ తొట్టి ముందే కూర్చుంటారు. మళ్లీ ప్లాస్టిక్ పెట్టడానికి మనసొప్పడం లేదు.

జవాబు, రాజమహేంద్రవరం నుంచి:

అమ్మా, పీకకండి. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పేవాడిని, తొట్లలో మొక్కలు పెంచేవాడిని కూడా. మీరు రాసిన లక్షణాలను బట్టి ఆ మొక్కలు చావడం లేదు, ఆకులు మార్చుకుంటున్నాయి.

ఈ మొక్కల్లో చాలావాటిని తోటల్లో వేర్లు తడిలో, ఆకులు గాలిలో ఉండేలా పెంచుతారు. అలా పెరిగిన ఆకు మీద మైనపు పొర ఉంటుంది, గాలి పీల్చుకునే పత్రరంధ్రాలుంటాయి. నీళ్లలో ముంచాక ఆ ఆకుతో మొక్కకు పెద్దగా పని ఉండదు. దాన్ని వదిలేసి, పలచటి కొత్త ఆకు వేసుకుంటుంది. క్రిప్టోకొరైన్ మరీ సున్నితం. నీళ్లు మారినా, వెలుతురు మారినా, ఒక చోటి నుంచి పీకి ఇంకో చోట నాటినా ఉన్న ఆకులన్నీ రాల్చేస్తుంది. ఇసుకలో వేలు పెట్టి మొదలు నొక్కి చూడండి. గట్టిగా తగిలితే బతికే ఉంది. మెత్తగా, దుర్వాసనగా ఉంటేనే తీసేయండి. కుళ్లిన ఆకులను మాత్రం కత్తెరతో వెంటనే కోసేయాలి, అవి నీళ్లలో మిగిలితే అమోనియా పెరిగి చేపలకు కష్టం.

ఇక నీళ్ల మాట. ఈ నీళ్లలో ఏ మొక్కా బతకదన్నది తప్పు. బడిలో హైడ్రిల్లా ప్రయోగం గుర్తుందా? బీకరులో గరాటు, దాని కింద హైడ్రిల్లా, పైన బోర్లించిన పరీక్షనాళిక. ఆ నీళ్లలో చిటికెడు తినే సోడా వేస్తే బుడగలు జోరందుకుంటాయి. సోడాలోని బైకార్బొనేట్ నుంచి హైడ్రిల్లా కార్బన్ తీసుకోగలదు. వల్లిస్నేరియాకూ అదే నేర్పు ఉంది. సున్నపురాతి నేలలో బోరు నీళ్లకు బైకార్బొనేట్ కొదవ ఉండదు. గార కట్టించేది అదీ, కాల్షియమూ కలిసే. అంటే సిలిండరు లేకుండానే మీ వల్లిస్నేరియాకు కావలసిన కార్బన్ బోరులోనే ఉంది. కుదురుకున్నాక ఇసుక కింద తీగలు పాకించి తొట్టి వెనక వైపంతా అల్లుకుంటుంది.

ఉత్త ఆర్‌ఓ నీళ్లు వద్దే వద్దు. అందులో కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం దాదాపు ఉండవు. మోలీలకు ఇలా సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లే ఇష్టం, వాటిని ఇబ్బంది పెట్టి మొక్కలను బాగుచేయడం ఏ న్యాయం?

అనూబియాస్‌ను ఇసుకలో పాతారా? దానికి అల్లం కొమ్ములా అడ్డంగా పెరిగే కాండం ఉంటుంది. అది పూడిపోతే కుళ్లుతుంది. పైకి తీసి, నూలు దారంతో రాయికో కట్టెకో కట్టండి, వేర్లు వాటంతటవే పట్టుకుంటాయి. స్వోర్డ్ తిండంతా ఎక్కువగా వేర్లతోనే. కడిగిన ఇసుకలో దానికి దొరికేదేమీ లేదు కనుక దాని మొదలు దగ్గర ఇసుకలో ఒక ఎరువు బిళ్ల గుచ్చండి.

జవాబు, విజయవాడ నుంచి:

పై మాటలతో ఏకీభవిస్తాను, ఒక్కటి తప్ప. ఆర్‌ఓ నీళ్లను పూర్తిగా కొట్టిపారేయకండి. వేసవిలో తొట్టి నీళ్లు ఆవిరైతే ఉప్పులన్నీ అందులోనే మిగులుతాయి. తగ్గినంత మేరకు మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే గాఢత పెరుగుతూనే ఉంటుంది. ఆవిరైన లోటు వరకు ఆర్‌ఓ నీళ్లు పోసి, వారానికోసారి నీళ్లు మార్చేటప్పుడు బోరువి వాడండి.

మా ఊళ్లో మే నెలలో తొట్టి 32 డిగ్రీలు దాటుతుంది. మూత తీసి చిన్న ఫ్యాను గాలి నీటి మీద తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మరో మాట, ద్రవ కార్బన్ అంటూ అమ్మే సీసాల్లో చాలావాటిలో ఉండేది గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక రసాయనం. అది పడితే వల్లిస్నేరియా కరిగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు, బేతంచెర్ల నుంచి:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. రెండు కుదుళ్లూ గట్టిగానే ఉన్నాయి! ఒకదాని నడుమ గోధుమరంగు మొలక కూడా తగిలింది. అనూబియాస్ పైకి తీశాను. కట్టడానికి ఇంట్లో ఉన్నవి నాపరాయి ముక్కలే, పరవాలేదా? ఉదయం నుంచి రాత్రి పడుకునే దాకా లైటు వేసే ఉంచుతాం. అద్దానికి పచ్చగా పాచి పడుతోంది, దానికేం చేయాలి?

జవాబు, రాజమహేంద్రవరం నుంచి:

ఆ మొలక సంగతి చదివి చాలా సంతోషించానమ్మా. ఇక ఆ కుదుళ్లను కదపకండి.

నాపరాయి మీద వెనిగర్ చుక్క వేస్తే బుసబుసమంటుంది, అంటే నీళ్లలో మెల్లగా కరిగే రాయి. మీ నీళ్లలో ఇప్పటికే సున్నం ఎక్కువ, దాన్ని ఇంకా పెంచడమెందుకు? గ్రానైట్ ముక్క వాడండి.

పాచికి కారణం లైటే. రోజుకు ఏడు గంటలు చాలు. పిల్లలు సాయంత్రం చూస్తారన్నారు కదా, మధ్యాహ్నం మూడింటికి వేసి రాత్రి పదింటికి ఆపండి. టైమరు పెడితే ఆ బాధ్యతా ఉండదు. కిటికీ ఎండ తొట్టి మీద పడకూడదు. గుప్పెడు హైడ్రిల్లా కూడా వేయండి, అది వేగంగా పెరుగుతూ పాచికి అందాల్సిన పోషకాలను తనే తినేస్తుంది. చెరువు నుంచి తెస్తే మాత్రం కొన్నాళ్లు విడిగా బకెట్లో ఉంచి గమనించాలి. తూనీగ పిల్లపురుగులు దానితో వస్తే మీ గప్పీ పిల్లలను ఒక్కటి మిగల్చవు.

స్వోర్డ్ పాత ఆకుల చిల్లులకు ఇప్పుడే మందు వెతకొద్దు. నీళ్లలో పుట్టిన కొత్త ఆకులు ముదిరాక వాటికీ చిల్లులు పడితే ఫొటో పెట్టండి, అప్పుడది పొటాషియం లోటు అనుకుని, ఎంత వేయాలో చూద్దాం.