గిటార్ నట్ విరిగింది: ఇంట్లో చేసుకోవాలా, షాపుకివ్వాలా?

తీగలబాబు: అకూస్టిక్ గిటార్‌కి ప్లాస్టిక్ నట్ విరిగింది. అదే, మెడ పైన తీగలు కూర్చునే గాట్ల ముక్క. గేదె ఎముక తెచ్చి, ఉడికించి, అరగదీసి నేనే చేద్దామనుకుంటున్నా. ఏమంటారు?

మెట్లమేస్త్రి: చెయ్యొచ్చు. కానీ ముక్క చెయ్యడం ఓ పని కాదండీ, గాట్లు కొయ్యడం పని. 12-53 తీగల సెట్టులో సన్నతీగ 0.012 అంగుళం, లావుది 0.053. ఆరింటికీ ఒకటే ఆకురాయి పనికిరాదు. గాటు ఇరుకైతే ట్యూన్ చేసేప్పుడు తీగ టిక్కుమని పట్టేస్తుంది. గాటు తలవైపుకి వాలాలి, తీగ ఫ్రెట్‌బోర్డు (ఫ్రెట్లు, అంటే లోహపు మెట్లు, ఉండే పలక) వైపు అంచు మీద ఆనాలి. అది తప్పితే తంబూరాకి జీవాళి (తీగ కింద దారప్పోగు) వేసినట్టు జుయ్యిమంటుంది. మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి చూడండి, మొదటి ఫ్రెట్‌కీ తీగకీ మధ్య కాగితమంత సందుండాలి. ఆనేసిందా, నట్ పోయినట్టే.

హ్యాండ్‌మేడ్_హరి: పోవడమేముంది? గాటులో తినేసోడా నింపి ఓ చుక్క ఫెవిక్విక్ వెయ్యి. రాయైపోతుంది. మళ్లీ కొయ్యి. ఆకురాళ్ల సెట్టుకి వేలు పొయ్యక్కర్లా, గ్యాస్ వెల్డింగ్ నాజిల్ శుభ్రం చేసే గరుకు తీగలు చాలు.

మెట్లమేస్త్రి: సోడా ముద్ద లావు తీగ కింద అరుగుతుంది.

హ్యాండ్‌మేడ్_హరి: నాది అరగలేదు.

మెట్లమేస్త్రి: రోజుకెంతసేపు వాయిస్తారు?

హ్యాండ్‌మేడ్_హరి: అది మీకెందుకు?

గోదారిగాలి: ఎముక ఉడికించేప్పుడు కిటికీలు తెరవకండి బాబూ, పక్కింటివాళ్లు గొడవకొస్తారు 😄

సరళ_వీణ: వాసన సంగతి సరే, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, ఎమరీ కాగితం తడిపి రుద్దండి.

తీగలబాబు: ఎముకైతే నాదం బాగుంటుందా?

సరళ_వీణ: ఖాళీ తీగ మీటినప్పుడే తేడా. వేలు పెట్టాక తీగ ఆ ఫ్రెట్ దగ్గర్నుంచే మోగుతుంది, నట్‌తో పెద్దగా పనిలేదు.

హ్యాండ్‌మేడ్_హరి: వీణ మెట్లు మైనంలో బొగ్గుపొడి కలిపి చేత్తోనే కూర్చోబెట్టేవాళ్లు కదా? ఎవరు ఫ్యాక్టరీ పార్టు కొన్నారు?

మెట్లమేస్త్రి: ఎవరి చేత్తో? మేళం కట్టేవాళ్ల చేత్తో. 24 మెట్లూ చెవితో సరిచూసుకుంటూ కూర్చోబెట్టడం వాళ్ల బతుకుతెరువు.

హ్యాండ్‌మేడ్_హరి: బతుకుతెరువు సంగతి నేను చెప్తా వినండి. మా ఊళ్లో ఓ రిపేరు షాపులో గిటార్ ఇచ్చా. వారం అన్నాడు. దసరా పోయి సంక్రాంతొచ్చింది. బిల్లేమో ఎముక నట్‌కి. అనుమానమొచ్చి కాల్చిన సూది గుచ్చా. ఎముకైతే వెంట్రుకలు కాలిన వాసన రావాలి. అది మెత్తగా కరిగింది!

మెట్లమేస్త్రి: అది మోసమే, నేనెందుకు వెనకేసుకొస్తా? కోపం వాడి మీద, పోస్టులన్నీ నా మీద! నా దగ్గరికొచ్చేవాళ్లు ఎలా వస్తారో తెలుసా? వీడియో చూసి కోసి, జిగురు కుమ్మరించి, "అన్నా, ఐదు నిమిషాల పనే, రెండొందలు తీసుకో" అంటారు. ఆ జిగురు కొయ్య పెచ్చు లేవకుండా గోకడానికే పూట పడుతుంది. దానికి డబ్బులడిగితే నేనూ దొంగనే. ఇంట్లో చేసుకోవద్దని ఎక్కడన్నాను? నా పనికి వెల లేదనకండి, అంతే.

హ్యాండ్‌మేడ్_హరి: అయితే రేటు బోర్డు పెట్టండి. పని మా కళ్లముందు చెయ్యండి.

మెట్లమేస్త్రి: బోర్డు పెడతా. కళ్లముందు మాత్రం చెయ్యను. నెత్తిన నిలబడి సలహాలిస్తే గాటు లోతైపోతుంది.

తీగలబాబు: అన్నలూ, ఇంతకీ విరిగిన ముక్క ఊడట్లేదు. ఎలా తియ్యాలి?

మెట్లమేస్త్రి: ముందు చుట్టూ వార్నిష్ బ్లేడుతో గీరు. తర్వాత చిన్న కర్రముక్క ఆనించి, సుత్తితో మెల్లగా తట్టు.

హ్యాండ్‌మేడ్_హరి: సుత్తా?!