మెట్లెక్కితే ఆయాసం, రాత్రిళ్లు గుండె దడ. అమ్మాయికి 16 ఏళ్లు, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

కేఆర్ పురం అమ్మ

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది. మా అమ్మాయి సెకండ్ పీయూసీ, అంటే మన ఇంటర్ రెండో ఏడాది. నెలన్నరగా మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కేటప్పుడు సగంలో ఆగి రెయిలింగ్ పట్టుకుని నిలబడుతోందట, ఈ మాట కూడా తను చెప్పలేదు, వాళ్ల ఫ్రెండు చెప్పింది. రాత్రి పడుకున్నాక "అమ్మా, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది" అంటుంది, చెయ్యి పెట్టి చూస్తే నిజంగానే దడదడలాడుతూ ఉంటుంది. జ్వరం లేదు, దగ్గు లేదు, తిండి ఎప్పుడూ అంతంతమాత్రమే. మా ఆయన పరీక్షల టెన్షన్ అంటారు. అత్తగారు దిష్టి తీయమంటే అదీ తీశాను. ఆస్పత్రికి వెళ్తే లేనిపోని టెస్టులు రాసి డబ్బులు గుంజుతారేమోనని ఒక భయం, వెళ్లకపోతే ఇంకో భయం. ఎన్నాళ్లు ఆగొచ్చు? ముందు వెళ్లాల్సింది గుండె డాక్టర్ దగ్గరికా, మామూలు డాక్టర్ దగ్గరికా?

సీవీ రామన్ నగర్ వాసి

ఈ వయసులో మామూలేనండీ, మా అబ్బాయికీ టెన్త్‌లో ఇలాగే అయింది, పరీక్షలు అయిపోగానే పోయింది. ప్రాణాయామం చేయించండి. గ్యాస్ పట్టేసినా దడ వస్తుంది. అనవసరంగా భయపడకండి.

నైట్ డ్యూటీ

నేను స్టాఫ్ నర్సుని, డాక్టర్ని కాదు, అది ముందే చెప్తున్నా. పై అన్నగారి మాట వాళ్ల అబ్బాయి విషయంలో నిజం కావచ్చు కానీ టెన్షన్ అనేది పరీక్షలన్నీ చేసి ఏమీ లేదని తేలాక చివర్లో అనాల్సిన మాట. మనం దాన్నే ముందు అనేస్తాం.

అక్కా, మీరు రాసిన దాంట్లో నాకు గుచ్చుకున్నది మెట్లు. భయం వల్ల వచ్చే దడ ఎక్కువగా కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో వస్తుంది, పదినిమిషాల్లో బాగా పెరిగి తర్వాత మెల్లగా తగ్గుతుంది, వేళ్ల చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతాయి. ఇంతకుముందు ఆగకుండా ఎక్కిన మెట్లే ఇప్పుడు ఎక్కలేకపోతోంది అంటే మాత్రం ఒంట్లో ఏదో తక్కువైంది. ఆడపిల్ల, ఆ వయసు, తిండి అంతంతమాత్రం అన్నారు కాబట్టి నా మొదటి అనుమానం రక్తం తక్కువ అనే. హిమోగ్లోబిన్ 12 ఉండాలి. అది తగ్గితే ఉన్న కాస్త రక్తంతోనే ఒళ్లంతటికీ ఆక్సిజన్ అందించాలని గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది, అప్పుడు చేతులు వణుకుతాయి, బాగా తిన్నా బరువు తగ్గుతారు. ఇక బెంగళూరు దుమ్ముకి, చలికి ఆస్తమా బయటపడిన పిల్లల్ని చాలామందిని చూశాను. అందరికీ పిల్లికూతలు ఉండవు, కొందరికి పరిగెత్తినప్పుడు దగ్గూ ఆయాసమే.

ఇంట్లో ఒక పని చేయండి. దడ అన్నప్పుడు బొటనవేలి కింద మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి (మీ బొటనవేలితో చూడకండి, మీ నాడే మీకు తగులుతుంది) నిమిషం పాటు లెక్కపెట్టి, టైముతో సహా రాసి పెట్టుకోండి. కదలకుండా ఉన్నప్పుడు 60 నుంచి 100 లోపు మామూలు. మెట్లెక్కగానే 140 అయినా పర్వాలేదు, కాసేపు కూర్చుంటే దిగిపోవాలి.

ఎన్నాళ్లు ఆగొచ్చు అన్నారు, నెలన్నర ఆగారు, చాలు. ఈ వారంలోనే మామూలు ఫిజీషియన్ దగ్గరికో పిల్లల డాక్టర్ దగ్గరికో వెళ్లండి, రక్తపరీక్ష, థైరాయిడ్, ఈసీజీ రాస్తారు. ఇవి గుంజుడు కింద రావు. గుండె డాక్టర్ కావాలా లేదా వాళ్లే చెప్తారు. కానీ ఆడుతూనో పరిగెత్తుతూనో స్పృహ తప్పి పడిపోయినా, ఆ సమయంలో ఛాతీలో నొప్పి వచ్చినా, మీ రెండు వైపుల బంధువుల్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి గుండె ఆగి పోయినవాళ్లు ఉన్నా ఈ వారం అని ఆగొద్దు, అదే రోజు వెళ్లాలి, చూపించేదాకా ఆటలు మానిపించాలి. పెదాలు నీలంగా మారినా, ఒక వాక్యం పూర్తిగా పలకలేనంత ఆయాసం వచ్చినా, దడతో పాటు కళ్లు చీకట్లు కమ్మినా ఇంక ఆటో కోసం చూడకండి, 108కి ఫోన్ చేయండి.

హోసూరు రోడ్డు నాన్న

నర్సమ్మ గారు చెప్పిందానికి నాదొకటి కలుపుతాను. మావాడికి పద్నాలుగో ఏట మొదలైంది. స్విచ్ వేసినట్టు ఉన్నట్టుండి దడ, స్విచ్ తీసేసినట్టు ఆగిపోవడం. మెడలో నరం ఎగిరెగిరి పడేది. మేం డాక్టర్ దగ్గరికి చేరేసరికి పిల్లాడు నవ్వుతూ ఉండేవాడు, ఈసీజీ నార్మల్. ఇద్దరు డాక్టర్లు పరీక్ష భయమన్నారు, ఒకాయన బడి ఎగ్గొట్టడానికి నాటకం అని వాడి ముందే అన్నాడు. ఆ మాటతో వాడు ఏడాది పాటు మాకు చెప్పడమే మానేశాడు. నాకు ఇప్పటికీ బాధ అదే, జబ్బు కాదు.

ఆఖరికి ఒకరోజు దడ ఇంకా ఆగకముందే ఇంటి పక్క క్లినిక్‌లోకి తీసుకుపోయి ఈసీజీ తీయిస్తే గుండె నిమిషానికి 210 సార్లు కొట్టుకుంటోంది. ఎస్‌వీటీ అన్నారు. గుండెలో కరెంటు వెళ్లే దారి పక్కన పుట్టుకతోనే ఇంకో దారి ఉండి, కరెంటు ఆ రెండిట్లో గిరగిరా తిరుగుతోందట. మామూలప్పుడు తీసిన ఈసీజీలో ఒక్కోసారి అది కనబడనే కనబడదట. తొడ దగ్గర నరంలోంచి వైరు పంపి ఆ దారిని కాల్చేశారు, అబ్లేషన్ అంటారు. ఇప్పుడు క్రికెట్ ఆడుతున్నాడు. అందుకే చెప్పేదేంటంటే ఈసీజీ ఒకసారి నార్మల్ వచ్చిందని ఫైలు మూసేయకండి. దడ మళ్లీమళ్లీ వస్తుంటే ఒంటికి కట్టి 24 గంటలు రికార్డు చేసే హోల్టర్ గురించి అడగండి. డబ్బుల సంగతైతే బన్నేరుఘట్ట రోడ్డు మీద జయదేవ ఉంది, గుండె జబ్బులకే పెట్టిన ప్రభుత్వ ఆస్పత్రి, కాకపోతే పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడే ఓపిక ఉండాలి.

పీజీలో ఉంటున్నా

ఆంటీ, నాకు 19. లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఉన్నప్పుడు నాకూ ఇదే, రాత్రి రెండింటికి దడ, ఊపిరాడదు, చచ్చిపోతున్నానేమో అనిపించేది. టెస్టులన్నీ నార్మల్. అసలు సంగతి నేను రోజుకి మూడు ఎనర్జీ డ్రింకులు తాగేవాడిని, పైన ఫిల్టర్ కాఫీ. డబ్బా వెనక చిన్నక్షరాల్లో పిల్లలకి పనికిరాదని రాసే ఉంటుంది, ఎవరు చదువుతారు? 250 మిల్లీలీటర్ల డబ్బాలో కెఫీన్ 75 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, మూడంటే లెక్కేసుకోండి. అవి మానేస్తే సగం పోయింది. మిగతా సగం నిజంగానే భయం. దానికి 14416కి ఫోన్ చేశాను, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, ఫ్రీ, తెలుగులో కూడా మాట్లాడతారు. టెన్షన్ అని తేలినా అది ఏమీ లేనట్టు కాదు ఆంటీ.

ఇంకోటి, డాక్టర్ రూములో మా అమ్మ పక్కన కూర్చున్నంతసేపు నేను ఏమీ చెప్పలేదు. అమ్మాయిని ఐదు నిమిషాలు ఒక్కదాన్నే మాట్లాడనివ్వండి.

కేఆర్ పురం అమ్మ

అందరికీ చాలా థాంక్స్. ఆ బాబు చెప్పిన ఐదు నిమిషాల మాటే మాకు పనికొచ్చింది. లేడీ డాక్టర్ నన్ను బయట కూర్చోమన్నారు. లోపల తను చెప్పిందట, ఏడెనిమిది నెలలుగా పీరియడ్స్ తొమ్మిది, పది రోజులు అవుతున్నాయని, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తోందని. నాకెందుకు చెప్పలేదే అంటే, "నీకూ అంతే కదమ్మా, అందరికీ అంతేననుకున్నా" అంది. నిజమే, నాకూ అంతే. నేను ఎప్పుడూ చూపించుకోలేదు.

హిమోగ్లోబిన్ 8.2. ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, అది కూడా అడుగంటింది. థైరాయిడ్, ఈసీజీ బాగున్నాయి. ఐరన్ టాబ్లెట్లు ఇచ్చారు, నెలకి మళ్లీ రక్తపరీక్ష, బ్లీడింగ్ గురించి గైనకాలజిస్టుకి రాశారు. రక్తం పెరిగాక కూడా దడ ఉంటే అప్పుడు ఎకో (గుండెకి తీసే స్కాన్) తీద్దామన్నారు. నాకూ రక్తపరీక్ష రాశారు, రిపోర్టు రేపు వస్తుంది. ఒక్క సందేహం, టాబ్లెట్ వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, ఇక మానేస్తానంటోంది. మోషన్ నల్లగా వస్తోందని కూడా భయపడుతోంది.

నైట్ డ్యూటీ

నల్లగా రావడం ఐరన్ వల్లే అక్కా, అది మామూలే. జిగటగా తారులా వచ్చినా, కడుపునొప్పి ఉన్నా డాక్టర్‌కి ఫోన్ చేయండి. పరగడుపున వేస్తే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది కానీ తిప్పుతుంటే అన్నం తిన్నాక వేసుకోమనండి, నిమ్మరసం తాగితే మంచిది. టీ, కాఫీ, పాలు మాత్రం టాబ్లెట్‌కి అటూ ఇటూ రెండు గంటలు వద్దు. అప్పటికీ పడకపోతే మానేయకుండా డాక్టర్ని అడగండి, వేరే రకం ఇస్తారు. రెండు మూడు వారాల్లో మెట్లు తేలికవుతాయి, అప్పుడు బాగయిపోయిందని ఆపేస్తారు చాలామంది. 12కి వచ్చాక కూడా ఇంకో మూడు నెలలు వాడమంటారు. మీ రిపోర్టు వచ్చాక మీ హిమోగ్లోబిన్ ఎంతో కూడా ఇక్కడ రాయండి.