పగలంతా మీటింగులే, అసలు పని ఎప్పుడు చేస్తున్నారు?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. పొద్దున లాగిన్ అయింది మొదలు చాట్, మెయిల్, కాల్స్. కోడ్ ముట్టుకునేసరికి రాత్రి తొమ్మిది. మీ రొటీన్ ఏంటి?

జవాబు: పొద్దున్నే మెయిల్ తెరవకండి బాబూ. నేను వైట్‌ఫీల్డ్‌లో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కుతాను, 2023 అక్టోబరులో లైన్ మొత్తం తెరిచాక ప్రయాణం రోజూ దాదాపు ఒకే టైమ్ పడుతోంది, అందుకని ఆ రోజు తేల్చాల్సిన ఒక్క పెద్ద పని రైల్లోనే రాసుకుని, సీట్లో కూర్చోగానే అదే మొదలుపెడతాను.

జవాబు: పొమొడోరో అంటే 25 నిమిషాల పని, 5 నిమిషాల బ్రేక్. కోడింగ్‌కి అది చాలదు, నా లెక్కలో 50 ఉండాలి. ఫోన్ బ్యాగులో పడేయండి.

జవాబు: సాయంత్రం ఫిల్టర్ కాఫీ ఆపండి. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, నిద్ర చెడితే మర్నాడు ఏ టైమ్‌టేబులూ నిలబడదు.

మిగతావన్నీ సరే అండీ, కాఫీ మాత్రం కష్టం. ఆఫీసు కిందే దర్శిని (టిఫిన్, కాఫీ దొరికే చిన్న హోటల్)!