అప్‌డేట్: పిక్కలో కండరం అదరడం – న్యూరాలజిస్ట్ ఏం తేల్చారంటే

ఎడమ పిక్కలో, అప్పుడప్పుడు కనురెప్పలో కండరం దానంతట అదే అదురుతోందని, ఇది ఏఎల్ఎస్ (కండరాలను కదిలించే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) ఏమోనని భయంగా ఉందని ఇక్కడ అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా "వెతకడం ఆపి న్యూరాలజిస్ట్‌ని కలవండి" అన్నవారికి.

డాక్టర్ గారు ముందు మెషీన్ల జోలికే పోలేదు. మడమల మీద, తర్వాత మునివేళ్ల మీద నడిపించారు. చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టి చూశారు. రెండు పిక్కల చుట్టుకొలతా టేపుతో కొలిచారు. బలం తగ్గలేదు, కండ కరగలేదు. అసలు చూడాల్సింది అదేనట. ఏఎల్ఎస్ అయితే బలహీనత, కండ క్షీణించడం కనిపిస్తాయి. నా టెన్షన్ చూసి ఈఎంజీ కూడా చేయించారు. సన్నని సూది కండలోకి గుచ్చి, వదులుగా ఉన్నప్పుడూ బిగించినప్పుడూ వచ్చే విద్యుత్ సంకేతాలు చూస్తారు. బిగించమన్నప్పుడు మాత్రం చురుక్కుమంది. రిపోర్ట్ నార్మల్.

తేలింది బినైన్ ఫాసిక్యులేషన్స్ అని, అంటే ప్రమాదం లేని కండరాల అదురు. మెదడు చెప్పకుండానే నరం సంకేతం పంపేస్తే, దాని కింద ఉన్న కండపోగులు ఒక్కసారిగా అదురుతాయి.

చాలామంది చెప్పిన మెగ్నీషియం లోపం నాకు లేదు. కాల్షియం, పొటాషియం, థైరాయిడ్ కూడా బాగానే ఉన్నాయి. పనిచేసింది కాఫీ తగ్గించి నిద్ర సరిచేసుకోమన్న సలహా. కనురెప్ప అదరడం ఆగిపోయింది. పిక్క మాత్రం బాగా నడిచిన రోజు రాత్రి ఇంకా అదురుతుంది, పట్టించుకోవడం లేదు. పాదం ఈడ్చుకుపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా వెంటనే రమ్మన్నారు.