“కాళ్ళు అదురుతాండాయి” అంటే వణుకని చెప్పొచ్చా?

ప్రశ్న (కర్నూలు, హౌస్ సర్జన్):
గ్రూపులో పెద్దలకు నమస్కారం. నాది గుంటూరు వైపు, ఇక్కడి మాట ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. ఓపీకి అరవై దాటిన ఒకామె వచ్చింది. “నడిస్తే ఏం లేదు మేడమ్, నిలబడుకుంటేనే కాళ్ళు అదురుతాండాయి” అంది. సీనియర్ డాక్టరుగారికి చెప్పేటప్పుడు నేను “కాళ్ళు వణుకుతున్నాయట సార్” అన్నాను. ఆమె వెంటనే “వణుకు గాదు సార్, అదురు” అని అడ్డం తగిలింది. రెండూ ఒకటే కదా? ఆమె ఎందుకంత పట్టుబట్టింది?

ఆదోని నుంచి:
రెండూ ఒకటేనమ్మా. ఏ నిఘంటువు తీసినా రెండింటికీ కంపించడమే అర్థం.

ప్రొద్దుటూరు, తెలుగు టీచరు:
ఒకటెట్ల అవుతాది అన్నా? చలికి వణుకుతాం గానీ అదరం. కన్ను అదురుతుంది, వణకదు. ఎర్రగుంట్ల పక్క క్వారీలో మందు పేలిస్తే కిటికీ రెక్కలు అదురుతాయి, వణుకుతాయని ఎవరూ అనరు. ముసలాయన చెయ్యి వణికితే గ్లాసులో నీళ్ళు తొణికి పక్కవాళ్ళకు కనబడతాయి. అదురు అట్లా కాదు, అది సన్నంగా, వేగంగా ఉంటుంది. చూసేవాళ్ళ కంటే ఆ బాధ పడేవాళ్ళకే ముందు తెలుస్తుంది.

కడప, నరాల డాక్టరు:
టీచరుగారు భలే తేడా పట్టుకున్నారు. అమ్మా, మీ పేషంటు ఒక్క వాక్యంలో జబ్బు గుర్తులు మూడు చెప్పేసింది. నిలబడితే వస్తుంది, నడిస్తే పోతుంది, వచ్చేది అదురు. ఇవి మూడూ కలిస్తే నేను ముందు అనుమానించేది ఆర్థోస్టాటిక్ ట్రెమర్‌ని. చాలా అరుదు. 1984లో కెన్నెత్ హైల్మన్ అనే అమెరికా న్యూరాలజిస్టు దాన్ని ఆ పేరుతో వర్ణించాడు. ఎక్కువగా యాభై, అరవై ఏళ్ళ వయసులో మొదలవుతుంది, ఆడవాళ్ళలో కాస్త ఎక్కువ.

ఇందులో నిలబడినప్పుడు కాలి కండరాలు సెకనుకు 13 నుంచి 18 సార్లు బిగిసి వదులుతాయి. పార్కిన్సన్స్ వాళ్ళ చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకున్నప్పుడు వణికేది సెకనుకు 4 నుంచి 6 సార్లే. అది కంటికి ఆనుతుంది, ఇది ఆనదు. అందుకే ఇంట్లోవాళ్ళు “నిక్షేపంగా నిలబడ్డావు కదా” అంటారు. ఆమెకేమో ఎక్కడ పడిపోతానో అని లోపల ఒకటే దడ. నిజంగా పడేవాళ్ళు తక్కువే, కానీ ఆ భయంతోనే బయటికి పోవడం మానేస్తారు.

ఆమె మళ్ళీ వస్తే చీర మోకాలి పైదాకా ఎత్తి పట్టుకోమని, గోడకు ఆనకుండా, దేన్నీ పట్టుకోకుండా నిలబెట్టండి. కొందరికి లేచిన క్షణాల్లోనే మొదలవుతుంది, కొందరికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఓపీ రద్దీలో ఆ నిమిషం ఆగలేకనే చాలా కేసులు జారిపోతాయి. ముందు పాదాలు చూడండి. కాళ్ళు ఎడంగా పెడుతుంది, వేళ్ళు నేలకు బిగబడతాయి, బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి మారుస్తుంది, ఇంకాసేపటికి ఉన్నచోటనే అడుగులు వేస్తుంది. తొడ మీద, పిక్క మీద వెలుతురు పక్కనుంచి పడితే చర్మం కింద సన్నటి అలలు కదలొచ్చు. కనబడకపోతే అరచెయ్యి ఆనించండి, నడుస్తున్న పిండిమర గోడ మీద చెయ్యి పెట్టినట్టు ఉంటుంది. తర్వాత స్టెతస్కోపు తొడకు పెట్టి వినండి. ఎక్కడో దూరంగా హెలికాప్టర్ పోతున్న చప్పుడు వస్తుంది. డాక్టర్లు దాన్ని హెలికాప్టర్ సైన్ అనే అంటారు. కూర్చోబెట్టగానే ఆ చప్పుడు ఆగిపోవాలి. (గుండెకు పెట్టేది తొడకు పెడితే వెంట వచ్చినవాళ్ళు నవ్వుతారు, పట్టించుకోకండి.) బల్ల మీద రెండు చేతులూ ఆనించి ఒంటి బరువంతా వెయ్యమంటే కొందరికి చేతుల్లో కూడా అదే అదురు తెలుస్తుంది. ఖాయం చేసేది మాత్రం ఈఎంజీ, అంటే కండరాల్లోని కరెంటును గీతలుగా చూపే పరీక్ష. రెండు కాళ్ళకూ అంటించి నిలబెడితే రెండు వైపులా గీతలు ఒకే తాళంలో పోతాయి.

అంతకంటే ముందు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి 3 నిమిషాల లోపల ఒకసారి బీపీ చూడండి. పైది 20, లేదా కిందిది 10 పడితే దారి వేరు, అది నిలబడితే బీపీ పడిపోయే జబ్బు. కాకపోతే ఆ పేషంట్లు “కళ్ళు బైర్లు కమ్మినాయి” అంటారు, చెవి జబ్బు వాళ్ళు “గిర్రున తిరుగుతాంది” అంటారు. నిలబడితే కాళ్ళు వణికే పార్కిన్సన్స్ వాళ్ళు కూడా ఉన్నారు. అక్కడ వేగం తక్కువ, మామూలుగా కంటికే తెలుస్తుంది. అందుకని నడిచేటప్పుడు చేతి ఊపు, మణికట్టు బిగువు చూడకుండా పంపొద్దు.

ఇంకోటి, “ఏం ఇబ్బంది?” అని అడిగితే సరిగ్గా చెప్పరు. ఏ పని తప్పించుకుంటున్నారో అడగండి. దోసెలు పోస్తూ గట్టుకు నడుము ఆనిస్తారు. రేషన్ షాపు క్యూలో సంచి పెట్టి అటూ ఇటూ తిరుగుతారు. గుళ్ళో హారతి వేళకు స్తంభం పక్కన చోటు చూసుకుంటారు. ఇంటి నుంచి బజారుకు నడిచి పోయి రాగలిగిన మనిషి పెళ్ళిలో అక్షింతల వరసలో రెండు నిమిషాలు నిలబడలేకపోతే అది నీరసం కాదు.

అనంతపురం నుంచి:
సార్, “అదురూ బెదురూ లేని మనిషి” అంటాం కదా. అదురు పక్కన బెదురు ఉండేసరికి అది భయమనే అనుకుంటారు. మా పెద్దమ్మ కాళ్ళు అదురుతున్నాయంటే ఒక డాక్టరు “టెన్షన్ తగ్గించుకోమ్మా” అని నిద్రమాత్ర రాసి పంపాడు.

కడప, నరాల డాక్టరు:
ఇలాంటివి మా దగ్గరికి తరచుగా వస్తుంటాయి. భయంతో వచ్చే దడ కూర్చున్నా ఉంటుంది, నడిచినా ఉంటుంది. ఇది కూర్చుంటే మాయం. మీ పెద్దమ్మను ఒకసారి నరాల డాక్టరుకు చూపించండి. ఈ జబ్బుకు ఎక్కువగా మొదట వాడి చూసే క్లోనజెపామ్ కూడా ఆ నిద్రమాత్రల జాతిదే, కాబట్టి పేరు విని షాపులో కొనుక్కోవద్దు. పెద్దవయసులో మత్తు, తూలు వచ్చి నిజంగానే పడతారు. అందరికీ పని చెయ్యదు కూడా.

ఆదోని నుంచి:
సరే, ఒప్పుకున్నా. మరి దీనికి తెలుగు పేరు ఉండొద్దా? ‘ఊర్ధ్వస్థితి కంపవాతం’ అందామా?

కడప, నరాల డాక్టరు:
వద్దన్నా. కంపవాతమంటే జనం పార్కిన్సన్స్ అనుకుంటారు. ఆ పేరు చీటీ మీద చూసి మా దగ్గర ఏడ్చినవాళ్ళున్నారు. ఇది ఆ జబ్బు కాదు, ఆ మందులకు సాధారణంగా లొంగదు కూడా.

ప్రొద్దుటూరు, తెలుగు టీచరు:
నిలువు, అదురు కలిపి ‘నిలువదురు’. ఎట్లుంది?

కడప, నరాల డాక్టరు:
బాగుంది, రాతలో వాడొచ్చు. పేషంటుతో మాత్రం “నిలబడితే వచ్చే అదురు” అనే అంటాను.

కర్నూలు, హౌస్ సర్జన్:
సార్, ఆమె మళ్ళీ వచ్చింది. బీపీలో తేడా లేదు. అరచెయ్యి ఆనిస్తే తెలిసింది, స్టెతస్కోపులో చప్పుడు వినబడింది, కూర్చోగానే ఆగింది. ఈఎంజీకి రాశారు. కానీ ఈసారి “పాదాలు జుమ్మంటాండాయి” అని కూడా అంటోంది. ఇదీ అదురేనా?

ప్రొద్దుటూరు, తెలుగు టీచరు:
కాదమ్మా. జుమ్మనడం తిమ్మిరి లెక్క.

కడప, నరాల డాక్టరు:
అది పడుకున్నప్పుడు కూడా ఉందా అడగండి. ఉంటే షుగరు, బి12 చూపించండి, ట్యూనింగ్ ఫోర్కు కొట్టి బొటనవేలికి పెట్టి, దాని అదురు ఆమెకు తెలుస్తోందో లేదో చూడండి. ఒకే మనిషికి రెండు జబ్బులు ఉండకూడదని ఎక్కడా లేదు.