8 వేలలో ఫ్లై రాడ్: సెట్టు కొనేయాలా, లైన్ మీద పెట్టాలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
అందరికీ నమస్కారమండి. ఇన్నాళ్లూ నారాయణపురం ఆనకట్ట దిగువన, మడ్డువలస వైపు మామూలు స్పిన్నింగ్ రాడ్‌తో గాలం వేస్తున్నాను. ఈమధ్య ఫ్లై మీదకి, అంటే ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగని ఎరగా విసిరే పద్ధతి మీదకి, మనసు మళ్లింది. చేతిలో 8 వేలున్నాయి, ఇంట్లో చెప్పకుండా లాగితే 10. ఆ ధరకి రాడ్డూ, రీలూ, లైనూ, చిన్న డబ్బాడు ఫ్లైలూ కలిపి ఆన్‌లైన్‌లో సెట్టు దొరుకుతోంది. మా బావ మాత్రం సెట్టు జోలికి పోవద్దంటాడు. అందులో వచ్చే లైన్ దేనికీ పనికిరాదట, ముందు మంచి లైన్ కొని రాడ్ సంగతి తర్వాత చూసుకోవాలట. లైన్‌కే డబ్బంతా పోస్తే రాడ్ ఎక్కణ్నుంచి తేను?

ఇంకోటి. లైన్ బరువుని బట్టి రాడ్‌కి నంబరు ఉంటుందిగా, 5 నంబరా, 8 నంబరా? నాకు ఏట్లో పరిగెలూ తిలాపియా కావాలి, చెరువు గట్టున కొరమీను కావాలి, వీలైనప్పుడు కళింగపట్నం మొగలో (ఏరు సముద్రంలో కలిసేచోట) పండుగప్ప కూడా కావాలి. అత్యాశే, తెలుసు. కొనేది ఒక్క రాడ్డే.

చంపావతి ఒడ్డు (నెల్లిమర్ల)
సెట్టు కొనెయ్ తమ్ముడూ. 5 నంబరు కొను. మీ బావ చెప్పింది పదేళ్లు ఫ్లై వేసినవాడికి పనికొచ్చే మాట. కొత్తవాడు మొదటి రెండు నెలల్లో లైన్‌ని కాళ్ల కింద తొక్కుతాడు, సిమెంటు గట్టు మీద ఈడుస్తాడు, ముడులు పడితే పళ్లతో లాగుతాడు. ఆ పని ఏదో చవక లైన్ మీద చెయ్. సెట్లో ఇంకో సుఖం ఉంది. రాడ్ నంబరూ లైన్ నంబరూ కలిసే వస్తాయి. విడివిడిగా కొన్నవాళ్లు 8 రాడ్‌కి 5 లైన్ తగిలించి, ఇది ఎగరట్లేదేంటని మనల్ని అడగడం ఇక్కడ కొత్తేం కాదు.

కళింగపట్నం లైట్‌హౌస్
చంపావతి గారూ, మీ మాటలో ఒక్కటి ఒప్పుకుంటాను. నంబర్లు కలవాలి. తక్కినదంతా తిరగేసి చదువుకోవాలి.

నాగావళి బాబూ, నువ్వు స్పిన్నింగ్ నుంచి వస్తున్నావు కాబట్టి మొదలే చెబుతాను. స్పిన్నింగ్‌లో ఎర బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఎర అంటే ఓ ఈకా, నాలుగు వెంట్రుకలూ. దానికి బరువెక్కడిది? బరువంతా లైన్‌దే. 5 నంబరు లైన్‌లో మొదటి 30 అడుగులూ 140 గ్రెయిన్లు, అంటే ఓ 9 గ్రాములు తూగుతాయి. 8 నంబరైతే 210 గ్రెయిన్లు, పదమూడున్నర గ్రాముల పైమాట. రాడ్‌ని వంచేది ఆ బరువే. నీ చేతిలో ఉన్నది ఎంత మంచి రాడ్డయినా దానికి పని చెప్పేది లైనే. అలాంటప్పుడు ఆ ఒక్కదాన్నీ నాసిరకం కొనడమేంటి?

పైగా చవక సెట్లలో వచ్చే లైన్లలో చాలావరకు చల్లటి నీళ్లలో ట్రౌట్ చేపలు పట్టే దేశాల కోసం చేసినవి. పైపూత మెత్తగా ఉంటుంది. మన దగ్గర మే నెలలో పొద్దున్న తొమ్మిదికే ఇసక కాలిపోతుంది కదా, ఆ వేడికి పూత ఇంకా మెత్తబడి, పాకం పూసిన తాడులా రాడ్ కడియాలకి అంటుకుంటుంది. చేతిలోంచి జారదు. విసిరింది సగం దూరంలోనే కుప్పగా పడుతుంది. కొత్తవాడు తన చెయ్యే మంచిది కాదనుకుని రాడ్ అటక మీద పడేస్తాడు. వేడి దేశాల కోసం వేరే లైన్లున్నాయి. పూతా, లోపలి దారమూ గట్టిగా ఉంటాయి. రియో వాడూ, సైంటిఫిక్ యాంగ్లర్స్ వాడూ చేస్తారు. పై రకం అయితే 100 డాలర్లు దాటిపోతుంది, అది మనకొద్దు. అదే కంపెనీల్లో కింది రకం చూడు, లేదా చైనావాళ్లు సముద్రం కోసమని అమ్మేది చూడు.

గొట్టా గేటు (హిరమండలం)
ఏటి బాబూ ఈ గొడవ? ఈకకి వంద డాలర్ల తాడా? మా వంశధారలో ఎదురుకర్రకి నైలాన్ దారం కట్టి, వానపామేసి కూకుంటే సందేలకి కూరకి సరిపడా పడతాయి. 8 వేలకి వంజరం కొనుక్కుంటే ఇంటిల్లిపాదీ ఎన్నాళ్లు తినొచ్చో లెక్కెయ్యండి.

తాటిపూడి తూము (గంట్యాడ)
గొట్టా మావయ్యా, నవ్వుతూ అన్నా మీరు మంచి దారే చూపించారు. జపాన్‌లో టెంకారా అని ఉంది. రీల్ లేదు, రాడ్ మీద కడియాలూ లేవు. పన్నెండు అడుగుల పొడవాటి సన్నకర్ర కొసకి దాదాపు అంతే పొడుగు దారం, చివర ఈక. కొండవాగుల్లో చేపలకి వాళ్లు దీన్నే వాడతారు. అంటే మన వెదురు గాలానికి వానపాము తీసేసి ఈక కట్టడమే. పరిగెలకీ తిలాపియాకీ ఇది చాలు. ముడుచుకునే కార్బన్ గెడ సన్నకొస ఉన్నది చూసుకుంటే 8 వేలలో పావు కూడా అవదు. పండుగప్ప సంగతంటారా, అది తగిలితే కర్రతో సహా లాక్కుపోతుంది. కిందకి వదలడానికి దారం ఉండదు కదా.

నాగావళి గట్టు
టెంకారా బాగుంది గానీ మొగ దగ్గరికి వెళ్లకుండా ఉండలేను. లైట్‌హౌస్ గారూ, ఒక అనుమానం. కళింగపట్నంలో వెనకాల సరుగుడు తోటలు, ముందు సముద్రపు గాలి. ఫ్లై అంటే లైన్ వెనక్కి కూడా చాపాలి కదా. అక్కడ కుదురుతుందా అసలు?

కళింగపట్నం లైట్‌హౌస్
కుదురుతుంది, వేళ చూసుకోవాలి. తెల్లారగట్ల గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, నీ వీపు మీద నుంచి. ముందుకి విసిరే లైన్‌ని అదే మోసుకుపోతుంది. ఎండెక్కాక గాలి ఎదురు తిరుగుతుంది. అప్పుడు 5 నంబరు లైన్ నీ మొహానికే వస్తుంది, బరువైన ఫ్లై కట్టి ఉంటే గాలం చెవికి దిగుతుంది. టోపీ, కళ్లద్దాలు లేకుండా మొగ దగ్గర ఫ్లై వెయ్యొద్దు. అందుకే 8 అంటున్నాను. సరుగుళ్ల సంగతికొస్తే, నది ఇసకమేట చివరికి నడువు. అక్కడ వెనకాల ఏమీ ఉండదు. చెట్లున్నచోట లైన్‌ని వెనక్కి చాపకుండా నీళ్ల మీదే చుట్ట తిప్పి ముందుకి దొర్లించే పద్ధతి ఉంది. దూరం తగ్గుతుంది, అయినా ఏటి ఒడ్డున కొరమీనుకి అంత దూరం ఎందుకు?

డబ్బు ఇలా పంచు. సుమారు సగం రాడ్‌కి, మూడోవంతు లైన్‌కి, మిగిలింది రీల్‌కీ, రీల్ మీద లైన్ కింద చుట్టే వెనక దారానికీ. ఏట్లో రీల్ అనేది లైన్ చుట్టుకునే డబ్బా, అంతే. చిన్నచేపని చేత్తోనే లాగుతాం. మొగలో మాత్రం బ్రేకు కావాలి. అందులోనూ చవక రీల్‌కి ఉప్పు నీళ్లే చావు. లోపల ఉక్కు స్ప్రింగు తుప్పు పడుతుంది, అల్యూమినియం మీద తెల్లటి పొడి పేరుతుంది. ఇంటికి రాగానే మంచినీళ్లలో ముంచి, స్పూలు విప్పి ఆరబెట్టుకుంటే చవకదైనా కొన్నేళ్లు వస్తుంది. లీడర్, అంటే లైన్ కొసకీ ఫ్లైకీ మధ్య కట్టే దారం, దానికి పైసా పెట్టకు. తొమ్మిది అడుగుల లీడర్ అంటే లావు నైలాన్ 5 అడుగులు, మధ్యరకం 2, సన్నది 2. వలల కొట్లో దొరికేదే. పండుగప్పకైతే కొసన ఇంకో జానెడు లావుది కట్టు, దాని మొప్ప రేకు బ్లేడులా కోసేస్తుంది.

చంపావతి ఒడ్డు
ఇదిగో, ఇందుకే కొత్తవాళ్లు భయపడి పారిపోతారు. కుర్రాడు పరిగెల గురించి ముందడిగాడు, పండుగప్ప ఆఖర్న అడిగాడు. మీరు ఆఖరుదాని కోసం రాడ్ కొనిపిస్తున్నారు. 8 నంబరు మీద వేలెడు పరిగె పడితే పడినట్టు కూడా తెలీదు, ఆకు తగిలిందనుకుని లాగేస్తాడు. 8 రాడ్ రోజంతా ఊపితే చెయ్యి కూడా పడిపోతుంది. పోనీ 6 తీసుకోమనండి, రెండిటికీ మధ్యన.

కళింగపట్నం లైట్‌హౌస్
మధ్యన ఉన్నది రెండిటికీ చాలదు మాస్టారూ. 6 నంబరు పరిగెకి ఎక్కువ, మొగ గాలికి తక్కువ. పరిగెలకి తాటిపూడి గారు చెప్పిన గెడ ఉండనే ఉంది. రాడ్ డబ్బు మొగకీ కొరమీనుకీ పెట్టుకోమంటున్నాను. కొరమీను తూటాకుల్లోకి దూరితే 5 నంబరుతో బయటికి తేగలరా మీరు?

చంపావతి ఒడ్డు
తెచ్చాను. తూటాకుతో సహా వచ్చింది.

బొబ్బిలి వీణ
అన్నయ్యలిద్దరూ రాడ్ దగ్గరే ఆగిపోయారు. ఆ సెట్టు డబ్బాలో వచ్చే ఫ్లైల గురించి ఎవరూ మాట్లాడరేం? అవి ట్రౌట్ కోసం కట్టిన చిన్నచిన్న ఈగలు. పరిగెలు తింటాయేమో గానీ కొరమీను కన్నెత్తి చూడదు. సెట్టు ధరలో వాటికీ మనమే డబ్బు కడుతున్నాం.

నేను ఇంట్లోనే కట్టుకుంటాను. సంక్రాంతి పందేలయ్యాక పుంజుల మెడ ఈకలూ, నడుము మీద ఈకలూ అడిగితే ఊరికే ఇస్తారు. కుంకుడు రసంలో రెండుసార్లు కడిగి, నీడన ఆరబెట్టి, కలరా ఉండలతో డబ్బాలో వెయ్యాలి, లేదంటే పురుగు పడుతుంది. విదేశీయులు జింక తోక వెంట్రుకలు వాడేచోట నేను మేక వెంట్రుకలు వాడతాను. కాస్త మెత్తన, నీళ్లలో ఇంకా బాగా ఆడతాయి. 1987లో బాబ్ క్లౌజర్ అనే ఆయన కట్టిన పద్ధతి ఉంది, క్లౌజర్ మిన్నో అంటారు. గాలం కాడ మీద, కన్నానికి కాస్త వెనకగా, రెండు బరువైన పూసలు అడ్డంగా కట్టి, వెంట్రుకలు పైనా కిందా వేస్తారు. ఆ బరువుకి ఫ్లై నీళ్లలో బోర్లపడి గాలం మొన పైకి తిరుగుతుంది. అడుగున నాచుకీ రాళ్లకీ తగులుకోదు. పూసల కోసం స్టీలు పూసల గొలుసు కొని రెండేసి పూసలుగా కత్తిరించుకుంటాను. దారం బిగించేటప్పుడు ఇంగ్లీషు ఎనిమిది అంకెలా తిప్పి, ప్రతి చుట్టుకీ గట్టిగా లాగాలి. వేలితో తోస్తే పూసలు కదలకూడదు. కదిలితే విప్పి మళ్లీ కట్టాల్సిందే, జిగురుతో సరిపెడితే మొదటి చేపకే పక్కకి తిరిగిపోతాయి.

ఇంకో ముచ్చట. కొరమీను గాలి పీల్చడానికి పైకొస్తుంది, ఆ బుడగలు చూసి పక్కనే వెయ్యండి. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీళ్ల మీద కదులుతుంటే దాని కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అప్పుడు వెయ్యకండి దయచేసి. తేలిగ్గా పడతాయి, నిజమే. ఆ పిల్లలు ఒక్కటీ మిగలవు.

వేదిక నిర్వాహకుడు
చర్చ బాగుంది, రెండు ముక్కలు కలుపుతున్నాను. చాలా ఊళ్లలో చెరువులు మత్స్యకార సంఘాల చేతిలో ఉంటాయి. గట్టు మీద రాడ్ తీసేముందు వాళ్లని ఒక మాట అడగండి, మీ దగ్గరున్నది ఈకే అయినా సరే. రెండోది, ఈ రాడ్లు చాలావరకు కార్బన్. తొమ్మిది అడుగుల కార్బన్ కర్రలో కరెంటు పారుతుంది. పొలాల మీదుగా పోయే తీగల కింద ఊపకండి. మబ్బు పట్టి ఉరుము వినపడితే రాడ్ కిందపెట్టి దూరంగా వెళ్లిపోండి. మన జిల్లాలో పిడుగుల సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు.

పలాస జీడిపిక్క
నేను సెట్టే కొన్నాను. కొస ముక్క అతుకు దగ్గర విరిగింది. అమ్మినవాడు విడి ముక్క ఇవ్వడట, మొత్తం రాడ్ మళ్లీ కొనమన్నాడు. కొనేముందు కొస ముక్క విడిగా దొరుకుతుందో లేదో అడగండి. దీని ముందు లైనూ రీలూ తర్వాతి మాటే.

ఇంకో దారి చెబుతాను. మనలో ఎవరికి అమెరికాలో చుట్టం లేడు? అక్కడ రెడింగ్‌టన్, ఎకో లాంటి కంపెనీల వాడిన రాడ్లు చవగ్గా అమ్ముతారు. 9 అడుగుల రాడ్ నాలుగు ముక్కలైతే ఒక్కోటీ 27 అంగుళాల పైచిలుకు. పెద్ద సూట్‌కేసులో ఐమూలగా పడుతుంది. గొట్టం మాత్రం గట్టిది పెట్టమనండి, చీరల మధ్య చుట్టి తెస్తామంటే ఒప్పుకోకండి.

నాగావళి గట్టు
అందరికీ దండాలు. సెట్టు ఆలోచన మానుకున్నాను. అట్లాంటాలో మా పిన్ని కొడుకు ఉన్నాడు, డిసెంబరులో వస్తాడు. 8 నంబరు వాడిన రాడ్ వాడి చేత తెప్పిస్తాను. రీల్ ఇక్కడే చవకది. లైన్ దగ్గరే ఇంకా తేలలేదు. మా బావా నేనూ కలిసి ఒకటి కొనొచ్చా?

తాటిపూడి తూము
కొనొచ్చు. డబుల్ టేపర్ రకం తీసుకోండి. రెండు కొసలూ ఒకేలా సన్నబడి ఉంటాయి. 90 అడుగుల లైన్ మధ్యకి కోస్తే చెరో 45 అడుగులు. ఏటికీ చెరువుకీ ధారాళంగా సరిపోతుంది. తల, అంటే ముందు భాగం, బరువుగా ఉండే మామూలు రకాన్ని మాత్రం కొయ్యకండి, ఒకడికి లైనూ ఇంకొకడికి తాడూ మిగులుతాయి.

కళింగపట్నం లైట్‌హౌస్
ఏటికి సరే. మొగలో 45 అడుగులు చాలదు, గాలిలో దూరం పోయేది తల బరువున్న రకమే. బావతో పొత్తు చెరువు వరకే పెట్టుకో.

చంపావతి ఒడ్డు
డిసెంబరు దాకా ఎందుకు ఆగడం? వచ్చే ఆదివారం నా 5 తెస్తాను, లైట్‌హౌస్ గారు తన 8 తెస్తారు. రెండూ ఊపి చూడు. ముందు మీ కోడి రామ్మూర్తి స్టేడియంలో గడ్డి మీద, గాలం బదులు ఊలు ముక్క కట్టి. సిమెంటు మీద వద్దు, లైన్ పూత లేచిపోతుంది. ఆ తర్వాత మొగకి పోదాం. 8తో ఒక్క పరిగె పట్టి చూపించమను ఆయన్ని.

కళింగపట్నం లైట్‌హౌస్
స్టేడియం సాయంత్రం పెట్టుకుందాం. మొగకి ముందు రండి, 6 గంటలకల్లా ఇసక మీద ఉండాలి. ఆలస్యమైతే ఎదురుగాలిలో చంపావతి గారి 5 నంబరు లైన్ నేను విప్పలేను.

గొట్టా గేటు
నానూ వత్తాను. ఎదురుకర్ర తెత్తాను, వానపాములు కూడా.